దీవి బడికి ఎంతమంది పిల్లలుండాలి?

రేవువీధి:
అందరికీ నమస్కారం. ఉండేది విశాఖలో. మా అక్క, బావ చాలాకాలంగా అండమాన్‌లో ఉంటున్నారు. పోర్ట్ బ్లెయిర్‌లో కాదు (2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు, మా ఇంట్లో ఇంకా ఎవరి నోటా ఆ మాట రావడం లేదు), అక్కడి నుంచి లాంచీలో వెళ్లాల్సిన ఒక చిన్న దీవిలో. బావది ప్రభుత్వోద్యోగం. పిల్లవాడు అయిదో తరగతికి వచ్చాడు. ఆ తరగతిలో వాడితో కలిపి ముగ్గురే.

వచ్చే ఏడాది వాడిని మా ఇంట్లో ఉంచి ఇక్కడ చదివించాలని అక్క ఆలోచన. మాకు గది ఉంది, మా అత్తగారికి అభ్యంతరం లేదు. చిక్కు ఎక్కడొచ్చిందంటే, అక్కడి టీచరు అక్కతో ఒక మాట అన్నారట. "మీ వాడు కదిలితే మిగతా ఇద్దరూ కదులుతారమ్మా. వచ్చే ఏడు ఆరో తరగతికి హాజరు పట్టీయే అక్కర్లేదు" అని. అప్పటి నుంచి అక్కకు నిద్ర లేదు. ఒక పిల్లవాడి టీసీ మీద ఒక ఊరు ఆధారపడటం ఏమిటండీ? ఇలాంటి దీవులు ఇంకెక్కడైనా ఉన్నాయా? అక్కడ బడి ముందు మూతపడిందా, జనం ముందు వెళ్లిపోయారా?

లంకమాస్టారు:
అమ్మాయీ, నేను కోనసీమలో ఒక గోదావరి లంకలో ఏకోపాధ్యాయ పాఠశాల నడిపినవాణ్ణి. ఇప్పుడు అబ్బాయి దగ్గర ఎంవీపీ కాలనీలో ఉంటున్నాను. ఆ టీచరు అన్నది బెదిరింపు కాదు. ఆయన తన లెక్క తాను చెప్పారు. కాకపోతే లెక్కలో సగమే చెప్పారు.

మా లంకలో నేను చూసింది ఇది. అయిదో తరగతి దాకా ఎవరూ కదలరు. పెద్దవాడు ఆరులోకి వచ్చేసరికి రోజూ పడవ దాటించడం ఎందుకని అవతలి ఒడ్డున టౌన్లో అద్దెకు గది తీసుకుంటారు. వండిపెట్టడానికి తల్లి వెళ్తుంది. తల్లి వెళ్తే నాలుగేళ్ల చిన్నది కూడా వెళ్తుంది. అది అక్కడే ఒకటో తరగతిలో చేరుతుంది. తండ్రి కొన్నాళ్లు కొబ్బరితోట చూసుకుంటూ ఒంటరిగా ఉంటాడు, తరవాత కౌలుకిచ్చి తనూ వెళ్తాడు. బడి లెక్కలో మేము రాసుకునేది వెళ్లిన పెద్దవాడి పేరే. ఎప్పుడూ చేరని ఆ చిన్నదాని పేరు ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. బడిని ఖాళీ చేసేది మాత్రం అదే.

కాబట్టి మీ అక్కగారిని అడగవలసింది ఒక్కటే. పిల్లవాణ్ణి ఒక్కణ్ణే పంపుతున్నారా, వెనకాల తానూ వస్తారా? రెండో సంతానం ఉందా?

రేవువీధి:
ఒక పాప ఉంది మాస్టారూ, మూడేళ్లు. ఇదంతా మీకెలా తెలిసింది!

లెక్కలపిచ్చి:
ముందా తరవాతా అని అడిగారు కదా, రెండింటికీ రుజువులున్నాయి.

ఐర్లండ్ పడమటి తీరాన గ్రేట్ బ్లాస్కెట్ అనే దీవి. అక్కడి బడి 1941లో మూతపడింది. చివరి కుటుంబాలను ప్రభుత్వం అవతలి గడ్డకు తరలించడం 1953లో మొదలైంది. అంటే బడి పోయాక ఊరు మరో పన్నెండేళ్లే నిలబడింది. ఆ మధ్యలో 1947లో తుపాను వాతావరణం వల్ల పడవలు నడవక, తిండి లేదు సాయం పంపండి అని ప్రధానికి టెలిగ్రాం కొట్టాల్సి వచ్చింది. డాక్టరు రాలేక ఒక యువకుడు మెనింజైటిస్‌తో చనిపోయింది కూడా ఆ చలికాలంలోనే. బడి ఒక్కటే కారణమని నేను అనను. కానీ 1947 నాటికి ఆ ఊళ్లో పడవలు లాగడానికి కుర్రాళ్లు ఎందుకు తక్కువయ్యారో ఆలోచించండి.

ఇక స్కాట్లండ్‌కు చెందిన సెయింట్ కిల్డా. ఇది అడ్డం తిరిగిన రుజువు. అక్కడ బడి చివరిదాకా నడిచింది. 1930 ఆగస్టు 29న మిగిలిన 36 మందీ, తామే అర్జీ పెట్టుకుని, ఓడెక్కి వచ్చేశారు. బడి ఉన్నా దీవి ఖాళీ అయింది. వయసులో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతే మిగిలినవాళ్లతో పొలం, గొర్రెలు, పడవ నడవలేదు.

మన దగ్గరి లెక్క కూడా చెబుతాను. నికోబార్ జిల్లా జనాభా 2001లో 42,068. 2011లో 36,842. ఇందులో పెద్ద వాటా 2004 సునామీది. ట్రింకెట్ దీవి ముక్కలై, అక్కడివాళ్లంతా కమోర్తాకు మారాల్సి వచ్చింది. అక్కడ బడి గురించి వాదించుకునే అవకాశం కూడా ఎవరికీ రాలేదు.

పచ్చకొండ:
నేను అల్లూరి జిల్లాలో టీచరుని, సెలవులకు విశాఖ వస్తుంటాను. నాది దీవి కాదు, కొండ మీది గూడెం. వానాకాలంలో గెడ్డ పొంగితే మాకూ దీవికీ తేడా ఉండదు. అందుకని చెబుతున్నాను, కాస్త కటువుగా ఉంటే ఏమీ అనుకోకండి.

అందరూ ఊరు, ఊరు అంటున్నారు. ముగ్గురున్న తరగతిలో ఆ పిల్లవాడికి జరిగేదేమిటో చూడండి. ఒకడికి జ్వరం వస్తే ఇద్దరు. కబడ్డీకి జట్టు ఉండదు. పోట్లాడుకుంటే మాట్లాడటానికి ఇంకో స్నేహితుడు ఉండడు. తాను ఎలా చదువుతున్నాడో పోల్చుకోవడానికి ఎవరూ ఉండరు. టీచరు సెలవు పెడితే బడికే సెలవు. ఆడపిల్ల ఒక్కతే అయితే ఇంకా కష్టం. ఊరు నిలబెట్టడానికి బడి కావాలి, బడి నిలబెట్టడానికి పిల్లవాడు కావాలి అంటే, వాడు అక్కడ చదువుకుంటున్నట్టా, కాపలా కాస్తున్నట్టా?

రేవువీధి గారూ, మీ అక్కకు చెప్పండి. ఆ టీచరు బాధ నిజమే. దాన్ని పదేళ్లవాడి నెత్తిన పెట్టకూడదు.

లంకమాస్టారు:
పచ్చకొండ గారి మాట కాదనను. కానీ చిన్న బడి అంటే చెడ్డ బడి అనే మాట దగ్గర ఆగుతాను. అయిదు తరగతులూ ఒకే గదిలో ఉన్నప్పుడు మూడో తరగతివాడు అయిదో తరగతి లెక్క వింటూనే ఉంటాడు. పెద్ద పిల్ల చిన్నవాడికి అక్షరాలు దిద్దిస్తుంది. ఒకే వయసు పిల్లలు ముగ్గురే కావచ్చు, బడిలో మొత్తం పాతిక మంది ఉంటే అది బాగానే నడుస్తుంది. అలా నడిపిన అనుభవంతోనే చెబుతున్నాను. ఇబ్బందంతా పైతరగతుల్లో మొదలవుతుంది. భౌతికశాస్త్రం, గణితం, హిందీ ఒకే మనిషి చెప్పలేడు.

పచ్చకొండ:
పాతిక మంది ఉంటే సరే మాస్టారూ. మా దగ్గర తొమ్మిది మంది.

2022లో జీవో 117తో మూడు, నాలుగు, అయిదు తరగతులను హైస్కూళ్లకు మార్చినప్పుడు ఏం జరిగిందో అందరం చూశాం. కాగితం మీద దూరం సరిపోయింది, మధ్యలో గెడ్డ ఉందన్న సంగతి కాగితానికి తెలియదు. 2025లో ఆ జీవో రద్దయింది. విద్యాహక్కు చట్టం కింద ప్రాథమిక బడి కిలోమీటరు లోపు, ప్రాథమికోన్నత బడి మూడు కిలోమీటర్ల లోపు ఉండాలి. నీళ్లు అడ్డం ఉంటే ఆ కిలోమీటరుకు అర్థం లేదు. నేను బడులు మూసేయమనడం లేదు. బడి ఉంచాలా వద్దా అనేది సర్కారు తేల్చాలి, తల్లి కాదు అంటున్నాను.

ఇంజన్‌రూము:
ఓడల్లో మెరైన్ ఇంజినీరుని, సొంతూరు గాజువాక. జపాన్ రేవులకు చాలాసార్లు వెళ్లాను, అక్కడ విన్న ఒక సంగతి ఈ చర్చకు పనికొస్తుంది.

షిమానె రాష్ట్రంలో ఓకి అనే దీవుల గుంపు ఉంది. వాటిలో అమ అనే చిన్న పట్టణం, జనాభా రెండు వేల పైచిలుకు. ఆ చుట్టుపక్కల మూడు దీవులకూ కలిపి ఒకే హైస్కూలు, దోజెన్ హైస్కూలు. 2008 నాటికి మొత్తం విద్యార్థులు తొంభై మందికి పడిపోయారు. మూసేస్తే ఏమవుతుందో అక్కడివాళ్లు అచ్చం లంకమాస్టారు చెప్పినట్టే లెక్కగట్టారు. పదిహేనేళ్లకే పిల్లలు బయటికి, వెనకాలే తల్లిదండ్రులు, ఆ తరవాత చిన్న పిల్లలున్న ఏ కుటుంబమూ ఆ దీవికి రాదు.

అప్పుడు వాళ్లు చేసింది మా వాళ్లెవరికీ తట్టని పని. మన పిల్లల్ని ఆపడం కాదు, బయటి పిల్లల్ని ఇక్కడికి రప్పిద్దాం అనుకున్నారు. 2010 నుంచి టోక్యో, ఒసాకాల నుంచి పిల్లలు ఆ దీవి హాస్టల్లో ఉండి చదువుకోవడానికి రావడం మొదలైంది. పాఠాల్లో దీవి సమస్యలనే విషయంగా పెట్టారు. చేపలకు ధర ఎందుకు రావడం లేదు, ఓడ ఎందుకు ఆలస్యం అవుతోంది, ఇలాంటివి. సాయంత్రం చదువుకోవడానికి ఊరే ఒక ట్యూషన్ కేంద్రం పెట్టింది. కొన్నేళ్లకు విద్యార్థుల సంఖ్య దాదాపు రెట్టింపయింది. అంతకుముందే ఆ ఊరి మేయరు తన జీతం తానే కోసుకున్నాడు, సిబ్బందీ కోతకు ఒప్పుకున్నారు. ఆదా అయిన డబ్బుతో పిల్లలున్న కుటుంబాలకు సాయం, చేపలు తాజాగా గడ్డకట్టించే యంత్రం. బడి ఒక్కటే కాదు, పని కూడా చూపించారు.

జపాన్‌లో దీవుల అభివృద్ధికి 1953 నుంచీ ప్రత్యేక చట్టమే ఉంది. అయినా చాలా దీవులు తగ్గుతూనే ఉన్నాయి. అమ కథ అరుదు కాబట్టే అందరూ చెప్పుకుంటారు.

భీమిలికుర్రోడు:
పని అన్నారు, నేను అక్కడ ఆగుతాను. మాది వేట కుటుంబం. మా బంధువులు శ్రీకాకుళం తీరంలో ఉంటారు. అక్కడ బడి ఉంది, రోడ్డు ఉంది, కరెంటు ఉంది. మగవాళ్లు మాత్రం ఉండరు. గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద ఉంటారు, కొందరు అండమాన్‌లో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఇక్కడ వేట నిషేధం. అటు వెళ్లినవాళ్లు ఇంటికొచ్చే కాలమూ దాదాపు అదే. అంటే బడికి సెలవులున్నప్పుడే పిల్లలకు నాన్న కనబడతాడు. బడి ఉంటే ఊరు నిలబడుతుందంటే మా ఊళ్లు ఎప్పుడో నిలబడాలి.

ఇంజన్‌రూము:
నిజం. దానికి పెద్ద ఉదాహరణ నాగసాకి దగ్గరి హాషిమా. బొగ్గు గని దీవి. 1959లో ఆ చిన్న రాతిగుట్ట మీద 5,259 మంది ఉండేవాళ్లు. బహుళ అంతస్తుల బడి, ఆసుపత్రి, సినిమా హాలు అన్నీ ఉన్నాయి. 1974 జనవరిలో గని మూశారు, ఏప్రిల్ కల్లా ఒక్కరు లేరు. బడి భవనం ఇప్పటికీ నిలబడే ఉంది.

లెక్కలపిచ్చి:
అయితే డబ్బిస్తే వస్తారా అంటే అదీ కాదు. స్కాట్లండ్ ప్రభుత్వం 2021లో దీవుల్లో స్థిరపడేవాళ్లకు, ఉన్నవాళ్లు వెళ్లకుండా ఉండటానికి 50,000 పౌండ్ల దాకా ఇస్తామని ప్రతిపాదించింది. అక్కడి జనాన్ని అడిగితే, డబ్బు మాకెందుకు, ఇళ్లేవీ, పనులేవీ అన్నారు. 2022లో ఆ ఆలోచన విరమించుకుంది.

అదే స్కాట్లండ్‌లో ఎగ్ అనే దీవి ఉంది. ఒకరి తరవాత ఒకరుగా జమీందార్ల చేతుల్లో నలిగిన ఊరు. 1997లో నివాసులు, స్థానిక కౌన్సిల్, ఒక వన్యప్రాణి సంస్థ కలిసి ట్రస్టుగా ఏర్పడి దీవిని కొనుక్కున్నారు. అప్పుడు అరవై అయిదు మంది దాకా ఉండేవాళ్లు. 2008లో సొంత విద్యుత్ వ్యవస్థ పెట్టుకున్నారు. ఇప్పుడు వంద దాటారు. ఇల్లు కట్టుకోవడానికి జాగా మన చేతిలో ఉంటే వయసులో ఉన్నవాళ్లు వెనక్కి వస్తారు, వాళ్లతో పిల్లలు, పిల్లలతో బడి.

పైతరగతులకు మాత్రం అక్కడా హాస్టలే దిక్కు. ఫెయిర్ ఐల్, ఫౌలా దీవుల పిల్లలు లెర్విక్ అనే పట్టణంలో హాస్టల్లో ఉండి చదువుతారు. ఇంకో సంగతి, 2010లో వచ్చిన అక్కడి చట్టం ప్రకారం పల్లె బడి మూయాలంటే ముందు ఆ ఊరి మీద దాని ప్రభావం ఏమిటో తేల్చాలి, ఊరిని సంప్రదించాలి. పచ్చకొండ గారు చెప్పిన 'సర్కారు తేల్చాలి' అన్నది దాదాపు ఇదే.

రేవువీధి:
అందరికీ ధన్యవాదాలు. అక్కకు మొత్తం చదివి వినిపించాను. ఇంజన్‌రూము గారి జపాన్ కథ విని బావ నవ్వారు. "టోక్యో నుంచి పిల్లల్ని రప్పించినట్టు మా దీవికి ఎవరొస్తారు, విశాఖ నుంచి ఓడలో రెండున్నర రోజులు, ఆపైన లాంచీ" అన్నారు. అక్క మాత్రం ఇంకోటి అడిగింది. బయటి పిల్లల్ని తెచ్చి బడి నిలబెట్టుకున్న చిన్న ఊళ్లు, పట్టణాలు కాదు, మరీ చిన్నవి, ఉన్నాయా అని.

లెక్కలపిచ్చి:
ఉన్నాయి. ఒకినావాలో హతోమా అనే చిన్న దీవి. బడి మూతపడే సమయానికి బయటి పిల్లల్ని తమ ఇళ్లలో పెట్టుకుని చదివించారు. అమెరికాలో మెయిన్ తీరాన ఫ్రెంచ్‌బరో దీవిలో 1960ల్లో సర్కారు సంరక్షణలో ఉన్న పిల్లల్ని కుటుంబాలు పెంచుకోవడానికి తీసుకున్నాయి. బడి నిలిచింది.

పచ్చకొండ:
ఇది చదివితే నాకు గుచ్చుకుంది. ఇంట్లో అమ్మానాన్న లేని పిల్లవాణ్ణి ప్రేమతో పెంచుకుంటే మంచిదే. హాజరు పట్టీలో సంఖ్య కోసం తెచ్చుకుంటే? వాడు అయిదో తరగతి అయ్యాక వాడి అవసరం తీరిపోతుందా? ఆ ఊళ్లవాళ్లు మంచివాళ్లే అయ్యుండవచ్చు. నేనైతే అలాంటి పథకం రాసిన కాగితం మీద సంతకం పెట్టను.

లంకమాస్టారు:
వంతెన గురించి ఎవరూ అనలేదు, ఆశ్చర్యంగా ఉంది. మా వైపు ప్రతి లంకవాడికీ ఒకటే కోరిక, వంతెన. మా పక్క లంకకు వచ్చింది కూడా. ఊరు నిలిచింది, కొత్త ఇళ్లు లేచాయి. మొదటి ఏడాదే టౌన్ నుంచి ప్రైవేటు బడి బస్సు గుమ్మంలోకి వచ్చింది, మా సర్కారీ బడిలో పిల్లలు సగమయ్యారు. ఊరు మిగిలి బడి పోవడం అంటే అదీ. నాకు దాని మీద ఫిర్యాదు లేదు, ఆ బస్సెక్కినవాళ్లలో నర్సులు, ఇంజినీర్లు అయినవాళ్లున్నారు.

పచ్చకొండ:
మా సరిహద్దులో వేరే కథ. సీలేరు నది మీద బలిమెల రిజర్వాయరు వచ్చాక ఒడిశా వైపు చిత్రకొండలో నూటయాభై పైచిలుకు గ్రామాలు నీళ్ల అవతల ఉండిపోయాయి. 2018లో గురుప్రియ వంతెన తెరిచాక గానీ అక్కడికి వాహనం వెళ్లలేదు. అన్నేళ్లూ పోస్టింగు పడిన టీచరు నీళ్లు దాటి రోజూ వెళ్లడమంటే మాటలు కాదు. అక్కడ బడికి లేనిది పిల్లలు కాదు, టీచరు.

భీమిలికుర్రోడు:
అండమాన్‌కు ఇప్పుడు ఇంటర్నెట్ ఉంది కదా? పైతరగతుల పాఠాలు ఫోనులో చెప్పలేరా?

ఇంజన్‌రూము:
2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశారు, పోర్ట్ బ్లెయిర్‌తో పాటు మరో ఏడు దీవులకు. లిటిల్ అండమాన్, కార్ నికోబార్, గ్రేట్ నికోబార్ అందులో ఉన్నాయి. ఈ ఏడింటిలో వాళ్ల దీవి ఉందో లేదో రేవువీధి గారే చెప్పాలి.

రేవువీధి:
ఉంది. సాయంత్రం తప్ప మిగతా వేళ బాగానే వస్తుంది.

అక్క, బావ నిన్న మాట్లాడుకున్నారు. ఆరు, ఏడు తరగతులు అక్కడే, ఎనిమిదికి ఇక్కడికి, అక్క మాత్రం పాపతో అక్కడే ఉంటుంది. బావ బదిలీ అయితే ఇదంతా మారిపోతుంది, అది వేరే సంగతి. ఆ టీచరుకు చెప్తే ఆయన సంతోషించారు, వెంటనే సైన్స్ మాత్రం నా వల్ల కాదు అన్నారట.

లంకమాస్టారు:
మంచి నిర్ణయమో కాదో రెండేళ్ల తరవాత చూద్దాం. ఇప్పుడు పనికొచ్చే సంగతి చెబుతాను. ఎనిమిదో తరగతిలో ఇక్కడ చేరితే తెలుగు తప్పనిసరి పాఠ్యాంశం. పిల్లవాడికి తెలుగు చదవడం, రాయడం వచ్చునా? అక్కడ హిందీలో నడిచి ఉంటే ఇక్కడికి వచ్చాక మొదటి ఆరు నెలలూ ఏడుపే. నేను చూశాను.

రేవువీధి:
మాట్లాడతాడు మాస్టారూ, కూడబలుక్కుని చదువుతాడు. రాస్తే ఒత్తులన్నీ ఎగిరిపోతాయి.

లంకమాస్టారు:
అయితే రోజూ పావుగంట ఫోనులో నాతో కూర్చోబెట్టండి. నాకు ఇక్కడ పనేమీ లేదు, కోడలు కూడా సంతోషిస్తుంది. మిగతా ఇద్దరూ తెలుగువాళ్లేనా? వాళ్లనూ రమ్మనండి.

రేవువీధి:
ఒకడు తెలుగు, ఒకమ్మాయి బెంగాలీ. ఆ అమ్మాయి ఒక్కతే ఇంట్లో కూర్చోను, నేనూ వస్తానంటోందట. పొద్దున ఆరున్నర అయితే సిగ్నల్ బాగుంటుందని బావ అంటున్నారు.

లంకమాస్టారు:
ఆరున్నర సరే. అమ్మాయికి పలక చాలు, అబ్బాయిలకు నాలుగు గీతల కాపీ పుస్తకం తెప్పించండి. సోమవారం మొదలుపెడదాం.

పచ్చకొండ:
సైన్స్ నేను చెబుతాను. ఆదివారాలు మాత్రమే, మా గూడెంలో టవర్ లేదు, కొండ దిగి రావాలి.